ఓడ దిగిన ఒక్క రోజులో ఏ బౌద్ధాలయం? శ్రీలంక రేవుల నుంచి ఎంపిక

శ్రీలంకకు ఓడ ప్రయాణం పెట్టుకున్నవారికి టికెట్లు కొన్న మర్నాటి నుంచే ఒక ప్రశ్న మొదలవుతుంది. రేవులో ఉండేది ఒక్క పగలు, చూడదగ్గ బౌద్ధ క్షేత్రాలు అరడజను. వాటిలో దేనికి వెళ్ళాలి? దంబుల్ల గుహాలయాలు చూడకపోతే శ్రీలంక చూడనట్టేనని ఒకరంటారు. క్యాండీలో బుద్ధుడి దంతధాతువు, అంటే ఆయన పన్ను, ఉన్న ఆలయం వదలవద్దని ఇంకొకరంటారు. ఇద్దరి మాటా నిజమే. కాని వాళ్ళు విమానంలో వెళ్ళి వారం రోజులు తీరిగ్గా తిరిగి వచ్చినవారు. ఓడ దిగేవారు ముందు రేవు పేరు చూసుకోవాలి, తర్వాత గంటలు లెక్కపెట్టుకోవాలి, ఆలయం పేరు ఆఖరున రావాలి.

2023 జూన్ నుంచి చెన్నైలో బయలుదేరే విహార నౌక హంబన్‌తోట, త్రింకోమలీ, కాంకేశన్‌తురై రేవులకు వెళ్ళడం మొదలుపెట్టాక మనవాళ్ళకు ఈ ప్రయాణం అందుబాటులోకి వచ్చింది. సింగపూర్ నుంచో దుబాయి నుంచో పెద్ద ఓడలు ఎక్కేవారు ఎక్కువగా కొలంబోలో దిగుతారు. నాలుగు రేవులూ ద్వీపానికి నాలుగు వైపులా ఉన్నాయి. ఒక రేవుకు దగ్గరైన ఆలయం మరో రేవు నుంచి అందదు.

ముందు గంటల లెక్క

ఓడ ఉదయం 8కి రేవు చేరి సాయంత్రం 6కి కదులుతుందనుకుందాం. కాగితం మీద పది గంటలు. ప్రయాణికులంతా ఎక్కి ఉండవలసిన వేళ కనీసం అరగంట ముందుంటుంది, కొన్ని ఓడల్లో గంట ముందే. పొద్దున తనిఖీలు, దిగే వరుస, రేవు లోపలి నుంచి గేటు దాకా బస్సు, వీటికి ఎంత లేదన్నా అరగంట. తొమ్మిది గంటలు మిగిలాయి. పంచరు పడినా, వాన కురిసినా, ఏదైనా ఊళ్ళో ఊరేగింపు అడ్డం వచ్చినా ఆదుకోవడానికి గంటన్నర విడిగా పెట్టుకోవాలి. ఆ గంటన్నరను ఎవరు ఎంత బతిమాలినా ముట్టుకోకూడదు. ఇక చేతిలో ఉన్నవి ఏడున్నర గంటలు. రానూ పోనూ ప్రయాణం తీసేయగా మిగిలేదే గుడికి.

కొలంబో నుంచి క్యాండీ 115 కిలోమీటర్లు. కడుగన్నావ కనుమ ఎక్కి వెళ్ళే దారి, మూడు గంటల నుంచి మూడున్నర గంటల వరకు పడుతుంది. అంటే వెళ్ళిరావడానికే ఏడు గంటలు, గుడికి అరగంట. దంబుల్ల 150 కిలోమీటర్లు, ఒక వైపే నాలుగు గంటలు. అది ఈ లెక్కలో ఇమడనే ఇమడదు. అదే త్రింకోమలీలో దిగితే పాత రాజధానులైన పొలొన్నరువ, అనురాధపురం, వాటితోపాటు దంబుల్ల, మూడూ నూరు కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ ఉంటాయి. ఒక వైపు రెండున్నర గంటలు వేసుకుంటే గుడిలో రెండున్నర గంటలు నిలవవచ్చు.

మొదటిసారి కొలంబోలో దిగినప్పుడు మా కుటుంబం ఈ లెక్క వేయలేదు. అమ్మ దంతధాతువును చూడాలని ఎన్నాళ్ళుగానో అనుకుంటోంది. ఓడవారు ఏర్పాటు చేసిన క్యాండీ బస్సు ఎక్కాం. దంతధాతువు ఉన్న ఆ ఆలయం, దళదా మాలిగావలో రోజుకు మూడు పూజలు జరుగుతాయి: తెల్లవారుజామున ఐదున్నరకు, ఉదయం తొమ్మిదిన్నరకు, సాయంత్రం ఆరున్నరకు. పూజ వేళ డోళ్ళు మోగుతుండగా పై అంతస్తులో ధాతుమందిరం తలుపు తెరుస్తారు. వరుస కదులుతూ ఉండగా లోపల ధాతువు ఉంచిన బంగారు పేటిక ఒక్క క్షణం కనబడుతుంది. మేము చేరేసరికి పదకొండున్నర దాటింది. డోళ్ళ చప్పుడు లేదు, తలుపు మూసి ఉంది. అమ్మ తెల్ల తామరలు బల్ల మీద పెట్టి, ఆ మూసిన తలుపుకే దండం పెట్టుకుని దిగి వచ్చింది. ఉదయం ఎనిమిదికి రేవు చేరే ఏ ఓడ నుంచీ తొమ్మిదిన్నర పూజకు చేరడం సాధ్యం కాదని, ఆ మాట ముందే ఎవరో ఒకరు మాకు చెప్పి ఉండవలసిందని ఇప్పటికీ అనిపిస్తుంది. అందుకే ఇది రాస్తున్నాను.

కొలంబోలో దిగితే

ఓడ రాత్రికి రేవులోనే ఉండి మర్నాడు కదిలేట్టయితే నిస్సంకోచంగా క్యాండీ వెళ్ళండి. సాయంత్రం ఆరున్నర పూజ చూసి రాత్రికి తిరిగి రావచ్చు. అక్కడ మనకు ఇంకో చుట్టరికం కూడా ఉంది. క్యాండీ రాజ్యాన్ని 1739 నుంచి 1815 దాకా ఏలిన చివరి నలుగురు రాజులు మదురై నాయకుల బంధువర్గం నుంచి, తెలుగు మూలాలున్న కుటుంబాల నుంచి వచ్చినవారు. ఆలయం ముందు కనిపించే ఎనిమిది పలకల మండపం వారిలో ఆఖరివాడైన శ్రీవిక్రమ రాజసింహుడు కట్టించినది. ఆంగ్లేయులు ఆయనను పట్టుకుని వేలూరుకు పంపారు. 1832లో అక్కడే కన్నుమూశాడు.

ఓడ ఒక్క పగలే ఆగితే కెలానియ చాలు. చాలు అని సర్దిచెప్పడం లేదు, కొలంబో నుంచి పది కిలోమీటర్ల దూరంలో అంతకు మించిన ఎంపిక లేదు. జ్ఞానోదయమైన ఎనిమిదో ఏట బుద్ధుడు నాగరాజు ఆహ్వానం మీద ఇక్కడికి వచ్చాడని శ్రీలంక ప్రాచీన చరిత్ర గ్రంథం మహావంశం చెబుతుంది. స్తూపం ధాన్యపు రాశి ఆకారంలో ఉంటుంది, కళ్ళంలో వడ్ల కుప్ప చూసినవారికి ఆ వంపు వెంటనే గుర్తొస్తుంది. క్షేత్రం ప్రాచీనమే అయినా కట్టడం అంత పాతది కాదన్న సంగతి తెలుసుకునే వెళ్ళాలి. పోర్చుగీసువారు పదహారో శతాబ్దంలో దీన్ని ధ్వంసం చేశారు. ఇప్పుడు కనిపించే విగ్రహశాలలో కొంత భాగం పద్దెనిమిదో శతాబ్దానిది, మిగిలినది ఇరవయ్యో శతాబ్దంలో కట్టినది. గోడల మీద సోలియస్ మెండిస్ వేసిన చిత్రాలు కూడా ఆ కాలానివే. రెండు వేల ఏళ్ళ నాటి రాయిని చేత్తో తాకాలనుకునేవారికి ఇక్కడ నిరాశ తప్పదు. నడుస్తున్న గుడి చూడాలనుకునేవారికి, తెల్ల బట్టలు కట్టుకున్న కుటుంబాలు బోధిచెట్టుకు నీళ్ళు పోస్తుంటే పక్కన కూర్చోవాలనుకునేవారికి దీనికి సాటి లేదు. రామాయణం విన్న పిల్లలు వెంట ఉంటే ఆవరణలోనే ఉన్న విభీషణుడి గుడి తప్పక చూపించండి. లంకకు రాజైన విభీషణుణ్ణి ఇక్కడివారు క్షేత్రపాలకుడిగా కొలుస్తారు.

కెలానియలో రెండు గంటలు గడిపినా పగలు సగం మిగులుతుంది. దాన్ని కొలంబో జాతీయ మ్యూజియంలో పెట్టండి. అనురాధపురంలోని తొలువిల దగ్గర దొరికిన ధ్యానబుద్ధుడి ముందు నిలబడితే అనురాధపురం వెళ్ళలేకపోయిన లోటు కొంత తీరుతుంది. క్యాండీ రాజుల సింహాసనం కూడా అక్కడే ఉంది. ఆంగ్లేయులు పట్టుకుపోయి 1934లో తిరిగి ఇచ్చినది. ఇందాక చెప్పిన నలుగురు రాజులూ కూర్చున్నది దాని మీదే.

త్రింకోమలీలో దిగితే

ఇదే అసలైన అవకాశం. మూడు గొప్ప క్షేత్రాలు అందుబాటులో ఉంటాయి, కాని ఒక్కటే చూడగలం. రెండు కలిపి చూపిస్తామనేవారు ఉంటారు. గంటల లెక్క మళ్ళీ ఒకసారి చూసుకోండి. రెండు చోట్లా చెప్పులు విప్పి తొడుక్కోవడానికే పొద్దు సరిపోతుంది.

నా ఓటు పొలొన్నరువకు, ముఖ్యంగా అక్కడి గల్ విహారకు. పన్నెండో శతాబ్దంలో మొదటి పరాక్రమబాహు రాజు కాలంలో ఒకే రాతి ముఖం మీద నాలుగు బుద్ధమూర్తులను చెక్కారు. రెండు కూర్చున్నవి, ఒకటి నిలబడినది, ఒకటి పడుకున్నది. నిలబడిన మూర్తి ఎత్తు దాదాపు ఏడు మీటర్లు, పడుకున్నది పద్నాలుగు మీటర్ల పొడవు. ఈ కొలతలు ఏ పుస్తకంలోనైనా ఉంటాయి. అక్కడ నిలబడి చూడవలసినది వేరే ఉంది. పడుకున్న బుద్ధుడి తల దగ్గరకు వెళ్ళి దిండును చూడండి. తల బరువుకు దిండు కొంచెం లోపలికి నొక్కుకుపోయి ఉంటుంది. దూది దిండు ఎలా అణుగుతుందో అలాగే, కాని అది గట్టి రాయి. తర్వాత పాదాల వైపు నడవండి. పై పాదం కింది పాదం మీద సరిగ్గా ఆనదు, రవ్వంత వెనక్కు జరిగి ఉంటుంది. ఇది నిద్ర కాదని, మహాపరినిర్వాణమని శిల్పి చెప్పిన తీరు అది. రాతిలోని నల్లని చారలు ముఖం మీదుగా, భుజాల మీదుగా చెక్కలోని ఈనెల్లా సాగిపోతాయి. పక్కన చేతులు గుండెల మీద అడ్డంగా కట్టుకుని నిలబడిన మూర్తి దుఃఖిస్తున్న ఆనందుడని, అంటే బుద్ధుడి శిష్యుడని, కొందరంటారు, బుద్ధుడేనని కొందరంటారు. అక్కడ అరగంట కూర్చున్నాక ఏది నిజమో మీకే ఒక అభిప్రాయం ఏర్పడుతుంది. మా బండిలో వెళ్ళినప్పుడు మేము గంటకు పైగా కూర్చున్నాం. ఆ గంటలో రెండు బస్సుల వాళ్ళు వచ్చి, ఫొటోలు తీసుకుని, పదిహేను నిమిషాల్లో వెళ్ళిపోయారు.

ఇంకా సమయం ఉంటే గుండ్రటి ధాతుమందిరం వటదాగె, దానికి ఎదురుగా ఉన్న మరో ధాతుమందిరం హటదాగె, వాటి పక్కనే నిశ్శంకమల్లుడి పెద్ద రాతి శాసనం చూడవచ్చు. కళింగ వంశం వాణ్ణని గర్వంగా చెప్పుకున్న రాజు ఆయన. శ్రీకాకుళం వైపు నుంచి వెళ్ళినవారికి ఆ మాట వింటే ఆసక్తి కలగక మానదు.

దంబుల్లను రెండో స్థానంలో పెట్టడం నాకు కష్టంగానే ఉంది. ఒకే కొండ చరియ కింద ఐదు గుహలు. క్రీస్తుపూర్వం మొదటి శతాబ్దంలో వలగంబ రాజు శత్రువులకు దొరక్కుండా ఇక్కడ తలదాచుకున్నాడని, మళ్ళీ రాజ్యం దక్కాక ఆలయంగా మార్చాడని సంప్రదాయం. రెండో గుహ కప్పు మొత్తం చిత్రాలే. రాతి ఎగుడు దిగుళ్ళ మీదే వేయడంతో పైన రంగుల డేరా కట్టినట్టుంటుంది. అదే గుహలో కప్పు నుంచి చుక్క చుక్కగా నీరు రాలి ఒక పాత్రలో పడుతుంటుంది. గుహలో జనం తగ్గిన క్షణంలో ఆ చప్పుడు వినబడుతుంది. మూడో గుహలో కీర్తిశ్రీ రాజసింహుడి విగ్రహం ఉంది. 1747 నుంచి 1782 వరకు క్యాండీని ఏలిన నాయక రాజు. శైవ కుటుంబంలో పుట్టి, ఆ నేలకు రాజై, క్షీణించిన భిక్షు సంఘాన్ని సయాం (నేటి థాయిలాండ్) నుంచి భిక్షువులను రప్పించి 1753లో నిలబెట్టినవాడు. ఇప్పుడు దంబుల్లలో మనం చూసే చిత్రాల్లో ఎక్కువ భాగం ఆయన కాలంలో వేసినవే.

మరి ఎందుకు రెండోది? మూడు వందలకు పైగా మెట్లున్నాయి. ఎక్కి దిగడానికే గంట పోతుంది, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు కింద కూర్చుండిపోతారు. వాన కురిసే రోజైతే, అంటే అక్టోబరు నుంచి జనవరి దాకా తూర్పు తీరంలో వాన ఎక్కువ, అప్పుడు మాత్రం గుహలున్న దంబుల్లే మేలు. టికెట్ ఎక్కడ ఇస్తున్నారో కిందే అడిగి తెలుసుకుని ఎక్కండి. పైదాకా వెళ్ళి టికెట్ కోసం దిగవలసి వస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

అనురాధపురం సంగతి వేరు. అది పర్యాటకులకన్నా భక్తులకు దగ్గరైన చోటు. అశోకుడి కూతురు సంఘమిత్ర తెచ్చిన బోధి కొమ్మ నుంచి పెరిగిన వృక్షం, దుట్టగామణి రాజు మొదలుపెట్టిన రువన్‌వెలిసాయ స్తూపం, ఇటుకల కొండలా లేచే జేతవన స్తూపం, అన్నీ మైళ్ళ దూరంలో విసిరేసినట్టుంటాయి. రెండున్నర గంటల్లో బోధివృక్షం, రువన్‌వెలిసాయ ఈ రెండే పెట్టుకుంటే తృప్తిగా ఉంటుంది. బోధివృక్షం కోసమే బయలుదేరిన మనిషికి పొలొన్నరువ ఎంత గొప్పదని చెప్పినా అనవసరం, నేరుగా అనురాధపురం వెళ్ళాలి. నాగార్జునకొండ చూసినవారికి ఇంకో మాట. అక్కడి శాసనాల్లో తామ్రపర్ణి, అంటే శ్రీలంక, భిక్షువుల ప్రస్తావన ఉంది, సింహళ విహారం అనే పేరూ ఉంది. కృష్ణా తీరానికి వచ్చిన ఆ భిక్షువుల దేశానికి ఆనాటి రాజధాని ఈ అనురాధపురమే.

దూరం వెళ్ళలేనివారికి త్రింకోమలీకి ఉత్తరంగా దాదాపు 45 కిలోమీటర్లలో తిరియాయ ఉంది. చిన్న గుట్ట మీద రాతి స్తంభాల వలయం మధ్య స్తూపం. బుద్ధుడికి మొదటి ఉపాసకులైన తపుస్సుడు, భల్లికుడు అనే వర్తకులు కేశధాతువులను ఓడలో తెచ్చి ఇక్కడ ఉంచారని నమ్మకం. జనం తక్కువ. పొద్దున అది చూసుకుని, మధ్యాహ్నం పట్టణంలోని కోనేశ్వరాలయానికి వెళ్తే రోజు నిండుగా గడుస్తుంది.

హంబన్‌తోట, కాంకేశన్‌తురై

హంబన్‌తోటలో దిగితే తిస్సమహారామ అరగంట, ముప్పావు గంట దూరం. తెల్లని పెద్ద స్తూపం, పక్కన చెరువు, వయసు మళ్ళినవారికి హాయిగా ఉంటుంది. ఓపిక ఉన్నవారు ముల్కిరిగల ఎక్కవచ్చు, దంబుల్లలాంటి గుహాలయాలే, మెట్లు ఇంకా ఎక్కువ. 1826లో మహావంశాన్ని ఇంగ్లీషులోకి తెచ్చిన ఆంగ్లేయ అధికారి జార్జ్ టర్నర్‌కు దాని వ్యాఖ్య తాళపత్రం దొరికింది ఈ విహారంలోనే. కాంకేశన్‌తురై నుంచి పది కిలోమీటర్లలో కందరోడై ఉంది. చిన్న మైదానంలో పగడపు రాయితో కట్టిన పొట్టి స్తూపాలు గుంపుగా ఉంటాయి. అనకాపల్లి దగ్గర శంకరంలో లింగాలకొండ మీది రాతి స్తూపాల వరుసలు చూసినవారు ఇవి చూసి ఆగిపోతారు. గంట చాలు.

ఓడవారి బస్సా, సొంత బండా?

ఓడవారి బస్సుకు ఉన్న పెద్ద బలం ఒకటే. అది ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. సొంతంగా మాట్లాడుకున్న బండి ఆలస్యమైతే ఆగదు, తర్వాతి రేవుకు మీ ఖర్చుతో మీరే చేరుకోవాలి. వాతావరణం బాగాలేక ఓడ ఆ రేవులో ఆగకుండా వెళ్ళిపోతే బస్సు డబ్బు తిరిగి వస్తుంది. బయట మాట్లాడుకున్న బండికి ముందే డబ్బు కట్టి ఉంటే అది వస్తుందో లేదో మీరు చేసుకున్న ఒప్పందాన్ని బట్టే ఉంటుంది. అందుకని కొలంబో నుంచి క్యాండీ లాంటి దూరపు ప్రయాణం ఒక్క పగట్లో చేసి తీరాలనుకుంటే బస్సే ఎక్కండి. ఒంటరిగా వెళ్ళేవారికి కూడా ఖర్చు దృష్ట్యా బస్సే నయం.

మిగిలిన సందర్భాల్లో నేను సొంత బండి వైపే ఉంటాను. బస్సులో నలభై మంది దిగి, ఎక్కి, లెక్క తేలేసరికి ప్రతిచోటా పావుగంట పోతుంది. దారిలో మసాలా తోటలు, రత్నాల దుకాణాలు, బాతిక్ బట్టల దుకాణాలు ఉంటాయి. గుడికి ఇవ్వవలసిన గంట అక్కడ ఖర్చవుతుంది. బస్సుకు మనిషికి ఇంత అని కట్టాలి, బండికి మొత్తానికి ఇంత అని కట్టాలి. కాబట్టి నలుగురికి మించితే రెండిటి ఖర్చు దగ్గరకు వచ్చేస్తుంది, ఆరుగురైతే వ్యానే చౌక పడవచ్చు. ఓడలో పరిచయమైన ఇంకో కుటుంబంతో కలిసి మాట్లాడుకోవడం మంచి పద్ధతి. అయితే వాళ్ళు కూడా గుడి కోసమే వస్తున్నారో లేదో ముందే తెలుసుకోండి. మధ్యలో ఏనుగుల దగ్గర ఆగుదామన్నారంటే మీ లెక్క తప్పుతుంది.

శ్రీలంక పర్యాటక అభివృద్ధి సంస్థ అనుమతి ఉన్న డ్రైవరు గైడ్లు ఉంటారు. అలాంటివారినే మాట్లాడుకుని అన్నీ రాతలో తీసుకోండి. గుడి టికెట్లు ధరలో కలిశాయా, ఎక్స్‌ప్రెస్ దారి రుసుము ఎవరిది, ఓడ ఆగకపోతే డబ్బు సంగతేమిటి, ఓడ ఆలస్యంగా వస్తే గేటు దగ్గర ఎంతసేపు ఆగుతారు అన్నవి అందులో ఉండాలి. మొత్తం సొమ్ము ముందే కట్టకండి. రేవు గేటు దగ్గర అప్పటికప్పుడు టాక్సీ మాట్లాడుకోవడం కెలానియ లాంటి దగ్గరి చోటుకు పరవాలేదు, నూరు కిలోమీటర్ల ప్రయాణానికి వద్దు.

పొలొన్నరువ, అనురాధపురాల్లో మన దేశంతో సహా సార్క్ దేశాల పాస్‌పోర్టు ఉన్నవారికి విదేశీ టికెట్ ధరలో సగమే తీసుకునే పద్ధతి ఉంటూ వచ్చింది. ఓడవారు పాస్‌పోర్టులు తమ దగ్గరే ఉంచుకుంటే కనీసం నకలు వెంట ఉంచుకోండి. వీసా ఏర్పాటు ఓడవారిదా, మీదా అన్నది టికెట్ కొన్నరోజే అడగాలి. అలాగే పున్నమి తేదీ చూసుకోండి. ప్రతి పున్నమీ అక్కడ పోయ అనే సెలవు రోజు. ఆలయాలు తెల్లని బట్టలతో నిండిపోయి కన్నుల పండుగగా ఉంటాయి, రోడ్లు కూడా అలాగే నిండిపోతాయి. ఆ రోజు పడితే విడిగా పెట్టుకున్న గంటన్నరకు ఇంకో అరగంట కలపండి.

భుజాలు, మోకాళ్ళు కప్పే లేత రంగు బట్టలు, మధ్యాహ్నపు రాతినేల కోసం మందపాటి మేజోళ్ళు. టోపీ కూడా గుడి బయటే తీసేయాలి. బుద్ధమూర్తికి వీపు పెట్టి ఫొటో తీసుకోవడాన్ని అక్కడ అపచారంగా చూస్తారు. పిల్లలకు ఈ ఒక్క మాట బండి దిగకముందే చెప్పండి.

త్రింకోమలీ ప్రయాణానికి ముందు రోజు నేను మా డ్రైవరుకు పంపిన సందేశం ఇది. పేర్లు మార్చుకుని వాడుకోవచ్చు. "ఉదయం 8.30 రేవు గేటు దగ్గర. ఆరుగురం, ఒకరికి మోకాలి నొప్పి. నేరుగా గల్ విహార, ఆ తర్వాతే మిగతావి. దుకాణాలు, మసాలా తోట వద్దు. భోజనం పొట్లాలు మేమే తెచ్చుకుంటాం, మీకూ తెస్తాం. మధ్యాహ్నం 1.30కి పొలొన్నరువలో బండి కదలాలి. సాయంత్రం 4కి గేటు దగ్గర దించాలి."